ఊ కొట్టే కండువా

పసుపు కొమ్ము లోపల రంగు ఎలా ఉందో విరిస్తేగానీ తెలియదు. పైన ముడతలు పడి, మట్టి కొట్టుకుపోయి, ఎందుకూ పనికిరానట్టు కనిపించే కొమ్ము పుటుక్కున విరిగితే లోపల నిప్పులా మెరవచ్చు. పైన నునుపుగా ఉన్నది లోపల పాలిపోయి ఉండవచ్చు. దుగ్గిరాల యార్డులో నా వ్యాపారమంతా అలా విరిచి చూసి చేసినదే. విరవడానికి వీల్లేని సరుకు ఒకటుందని, దాని లోపలి రంగు చూసే ఉపాయం తన దగ్గర ఉందని మా అమ్మాయి హైమ చెప్పినప్పుడు నా అరచేతులు దురద పెట్టాయి. మంచి సరుకు బజారులోకి రాబోతోందంటే నాకు అలాగే అవుతుంది.

ఆ సరుకు పసిపిల్లల బుర్ర.

హైమ బెంగుళూరులో మెదడు శాస్త్రం చదివి, అక్కడే పరిశోధన చేసి, ఒక రోజు పెట్టెలన్నీ లారీకెత్తించుకుని ఇంటికొచ్చేసింది.

"నాన్నా, నీ పాత గోడౌను నాకియ్యి."

"ఏం నిలవచేస్తావమ్మా?"

"నిలవ కాదు. నాకు పిల్లలు కావాలి. బెంగుళూరులో ఒక్కొక్క తల్లిని బతిమాలుకోవాలి. మన యార్డులో ఎంతమంది కావాలంటే అంతమంది ఉన్నారు."

ఆ మాట నిజమే. పసుపు ఏరే ఆడవాళ్ళు పిల్లల్ని గోతాల మీద పడుకోబెట్టి పనిలోకి దిగుతారు. ఆ పిల్లలు పసుపు దుమ్ములో నిద్రపోయి, పసుపు దుమ్ములో మేలుకుని, పైకప్పు రేకుల కేసి చూస్తూ పొద్దు గడుపుతారు. ఏడిస్తే ఎవరో ఒకరు వచ్చి పాలు పడతారు. ఏడవకపోతే పలకరించేవాళ్ళుండరు. ఏడవని పిల్లని బుద్ధిమంతురాలంటాం కదా.

హైమ చేసినది ఒక కుళ్ళాయి. మంగళగిరి మగ్గం మీద నేయించింది. లోపలివైపు ఆవగింజంత దీపాలుంటాయి. వాటి వెలుగు పసిపిల్ల పలచటి కపాలంలోంచి లోపలికి పోయి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన వెలుగునిబట్టి మెదడులో ఏ మూల నెత్తురు ఉరకలేస్తోందో తెలుస్తుంది. రెండు మూలలు ఒకేసారి మేలుకుని వాటి మధ్య కొత్త దారి పడిందంటే, కుళ్ళాయి పైనున్న పోగులు పసుపు రంగులో వెలుగుతాయి.

"మొదటి మూడేళ్ళలో పడినన్ని దారులు మళ్ళీ ఎప్పుడూ పడవు నాన్నా. తర్వాత పడవని కాదు. చాలా కష్టపడి వేసుకోవాలి" అంది హైమ.

మొదటి కుళ్ళాయి దీవెన కూతురు కెజియా నెత్తికెక్కింది. దీవెన మా షెడ్డులో పసుపు ఏరుతుంది. కెజియా ఇంకా కూర్చోవడం రాని పిల్ల. పెద్ద కళ్ళు. కోపం వచ్చినా గట్టిగా ఏడవకుండా మనిషి వంక అదే పనిగా చూసే రకం. కుళ్ళాయి పెడితే కుడివైపు ఏదో మినుకుమినుకుమంటోంది, ఎడమ కణత దగ్గర మాత్రం చిమ్మచీకటి. హైమ దీపాలు మార్చింది, తీగలు విప్పి మళ్ళీ అతికింది, బెంగుళూరుకి ఫోన్లు చేసింది. అన్నం కూడా గోడౌనులోనే తింటోంది. చివరికి మా ఆవిడ త్రిపురాంబ క్యారేజీ పట్టుకొచ్చి, పిల్ల చెవి పక్కకి వంగి చూసి, "చెరిగిపోయిందే" అని కొంగు ముడి విప్పి కాటుక బరిణె తీసింది.

హైమ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అమ్మా, రోజూ నువ్వే పెడుతున్నావా?"

"పెట్టక? ముక్కూ మొహం తెలియని మిషన్లన్నీ దాన్ని చూస్తుంటే దిష్టి చుక్క లేకుండా ఎట్టా?"

"కాటుక వెలుగుని తాగేస్తుందమ్మా. లోపలికి పోనివ్వదు."

"తాగితే తాగనీ. దిష్టి తగిలితే నీ మిషను దించుద్దా?"

దీవెన చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ నవ్వింది. "మా పాస్టరు గారు ఆ చుక్క చూసి నన్ను నిలేశాడమ్మగారూ. షావుకారు గారింట్లో పెట్టార్లెండి, నాకేం తెలవదని తప్పుకున్నా."

బేరం నేను కుదిర్చాను. చుక్క అరికాలికి మారింది. ఇద్దరూ గెలిచామనుకున్నారు. మంచి బేరమంటే అదే.

ఎడమవైపు కూడా మినుకుమినుకుమంది కానీ, నిండు వెలుగు మాత్రం రాలేదు. హైమ స్పీకరు పెట్టి కథలు వినిపించింది, పాటలు వినిపించింది, తనే ఎదురుగా కూర్చుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. కుళ్ళాయి గాలికి ఆరిపోబోయే దీపంలా రెపరెపలాడి ఊరుకునేది. పిల్ల ఆవలించేది. హైమ మొహం రోజురోజుకీ పీక్కుపోతోంది. పెట్టిన పెట్టుబడి అంతా గోడౌనులో పురుగు పట్టిపోతుంటే చూస్తున్నట్టుగా ఉంది నాకు.

ఒక మధ్యాహ్నం తను చెయ్యి కడుక్కోవడానికి వెళుతూ కెజియాని నా ఒళ్ళో పెట్టింది. అదే సమయానికి నిజామాబాదు నుంచి ఒక పాత పార్టీ ఫోను చేశాడు. బేరంలో నాకొక పద్ధతి ఉంది. అవతలివాడు మాట్లాడుతున్నంతసేపూ నేను ఊ తప్ప మరో మాట అనను. ఊ అని ఆగుతాను. ఆ ఖాళీని భరించలేక వాడే ఇంకో మాట అంటాడు. ఆ మాటలోనే నా లాభముంటుంది.

"ఊ" అన్నాను ఫోనులో.

"ఉగ్" అంది కెజియా.

ఫోను చెవికి ఆనించుకునే ఆగాను. "ఊ… తర్వాత?"

"అగ్గా. అగ్గగ్గా."

"అట్టాగా? ఊ."

పిల్ల కాళ్ళు రెండూ ఎత్తి నా పొట్ట మీద తన్నింది. నా గడ్డం కింద ఏదో పసుప్పచ్చగా వెలిగింది. వంగి చూస్తే కుళ్ళాయి మొత్తం విరిచిన కొమ్ములా ధగధగలాడుతోంది. గుమ్మంలో హైమ తడి చేతులతో నిలబడి ఉంది.

"ఫోను పెట్టకు నాన్నా. కదలకు. ఊ అను."

"ఊ" అన్నాను.

"అబూ" అంది కెజియా.

"ఏందన్నా, ఇన్నిసార్లు ఊ అంటున్నవ్. ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు నిజామాబాదు వాడు.

"ఊ" అన్నాను, పిల్లని చూస్తూ.

ఆ పూట నేను ఒప్పుకోకూడని ధరకి సరుకు ఒప్పుకున్నాను. అంత లాభమైన నష్టం నా వ్యాపారంలో మరొకటి లేదు.

హైమ నేల మీద కూలబడి నవ్వుతోంది, ఏడుస్తోంది. "మనం చెప్పడం కాదు నాన్నా. అది చెబుతుంటే మనం ఊ కొట్టాలి. కథ చెప్పేటప్పుడు పిల్లల్ని ఊ కొట్టమంటామే, అది తిరగెయ్యాలి. వాళ్ళు అంటారు, మనం ఊ అని ఆగాలి. ఆగినప్పుడే దారి పడుతోంది."

నాకు వెంటనే అర్థమైంది. ఇది ఉపన్యాసం కాదు. బేరం. ఇచ్చిపుచ్చుకోవడం. ఇన్నాళ్ళూ గోతాల మీది పిల్లలు అడుగుతున్నారు, బదులిచ్చేవాడు లేక బేరం చెడిపోతోంది.

గోడౌనులో సగం ఖాళీ చేయించి ఊసుల గది అని పేరు పెట్టాం. బరువులెత్తలేని వయసొచ్చిన యార్డు ఆడవాళ్ళని అందులో కూర్చోబెట్టాం. పని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని ఊ కొట్టడమే. ఇక నేను ఆగలేకపోయాను. చూపించకుండా ఏ సరుకూ అమ్ముడుపోదు. వేలం జరిగే రోజున షెడ్డు మధ్యలో బల్లలు వేయించి, కుళ్ళాయిలు పెట్టిన పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టాను. కమిషను ఏజెంట్లు, హమాలీలు, గుమాస్తాలు, లారీ డ్రైవర్లు అందరూ మూగారు. సొంత పిల్లలతో ఎన్నడూ ముచ్చటాడి ఎరగని మీసాలవాళ్ళు వరసలో నిలబడి "ఊ, చెప్పరా, అయితే ఏమన్నావు" అంటుంటే కుళ్ళాయిలు వెలుగుతున్నాయి, జనం ఈలలు వేస్తున్నారు. ఆ రోజు వేలం ఆలస్యమైనా ఎవరూ విసుక్కోలేదు.

నా స్నేహితుడు కోటపాటి వీరాంజనేయులు తన మనవణ్ణి తెచ్చాడు. యార్డులో అతనిది నాకంటే పెద్ద కొట్టు. వెనకాలే భార్య రత్తమ్మ, కోడలు శిరీష. పిల్లవాడికి కుళ్ళాయి పెట్టారు. వెలగలేదు. వీరాంజనేయులు ఊ అన్నాడు. పిల్లవాడు పక్కకి చూశాడు. జనంలోంచి ఎవడో అననే అన్నాడు. "ఏరుడుకూలీ పిల్ల మొదటి రకం, షావుకారు మనవడు రెండో రకం అన్నమాట."

అందరూ నవ్వారు. రత్తమ్మ నవ్వలేదు. కోడలి వంక తిరిగి, "మా వంశంలో మందబుద్ధులు లేరమ్మా. మరి ఎక్కణ్ణుంచి దిగుమతి అయిందో" అంది. అందరికీ వినపడేలాగే అంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం శిరీష ఒక్కతే గోడౌనుకి వచ్చింది. కొంగు చాటున పిల్లవాడున్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను తక్కెడ పక్కన కూర్చుని ఉన్నానని గమనించలేదు.

"అక్కా, ఆ టోపీ ఎప్పుడూ వెలుగుతానే ఉండేట్టు చెయ్యవా? మా వాడి కోసం ఒక్కటే. మా అత్తయ్య ముందు పెట్టుకునేదానికి" అని హైమని అడిగింది.

"దానివల్ల వాడికేం లాభం శిరీషా?"

"వాడికి కాదక్కా, నాకు. రెండో రకం తల్లిననిపించుకుని ఆ ఇంట్లో ఎట్టా తిరిగేది?"

 పిల్లవాడు తల్లి భుజం మీంచి నా వంక చూశాడు. నిద్రలేని మొహం. వాళ్ళమ్మ పొద్దుటినుంచి వాణ్ణి మాట్లాడించి మాట్లాడించి అలిసిపోయేలా చేసిందని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే నిశాంత్ అనే కుర్రవాడు హైదరాబాదు నుంచి కారులో దిగాడు. ఊరూరా స్కూళ్ళున్న పెద్ద సంస్థవాళ్ళు అతన్ని పంపారు. మాట తేనె. కుళ్ళాయిలన్నీ తామే తీసుకుంటామన్నాడు. హైమకి పెద్ద పరిశోధనశాల కట్టిస్తామన్నాడు. నేను తలెత్తకుండా ఊ కొడుతున్నాను.

"అడ్మిషన్ల టైములో పెడతాం సార్. రెండేళ్ళకే తెలిసిపోతుంది కదా, ఎవరి వెలుగు ఎంతో."

"ఊ."

"బాగా వెలిగినవాళ్ళకి మెయిన్ క్యాంపస్."

"ఊ. వెలగనివాళ్ళని?"

"వాళ్ళకి వేరే బ్రాంచీ ఉంటుంది సార్. ఫీజు కూడా తక్కువే."

పసుపులో మేమూ అంతే చేస్తాం. పాలిపోయిన కొమ్ముల్ని వేరే గుట్ట పోసి వేరే బజారుకి పంపుతాం. తేడా ఒక్కటే. గుట్టలో పడిన కొమ్ము ఏడవదు. అయినా నిజం చెప్పాలి. అతను చెప్పిన బేరం మంచి బేరం. చెయ్యి చాచితే చాలు. ప్రభుత్వమైతే ఊసుల గదులు పెడతామని మాట వరసకి కూడా అనలేదు. శాసనసభ కమిటీ ఒకటి పసిపిల్లల సంగతి విచారిస్తోందని, సభ ముగిసేలోపు ఏదో ఒకటి రాసి ఇస్తుందని మాత్రం పేపర్లో చదివాను. ఒకవైపు చేతిలో ఉన్న కొనుగోలుదారు, ఇంకోవైపు వస్తాడో రాడో తెలియని కొనుగోలుదారు.

"ఆలోచించుకుని చెబుతాం బాబూ" అని పంపేశాను.

హైమ కుళ్ళాయిని చేతిలో నలుపుతూ కూర్చుంది. "దీపాలన్నీ పీకేద్దామనిపిస్తోంది నాన్నా. కానీ వెలుగు కనపడకపోతే జనం నమ్మరు. కనపడితే పిల్లల్ని రకాలు కడుతున్నారు."

సరిగ్గా అప్పుడే బయట షెడ్డులో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు వచ్చి ఉన్నాడు. ఏడాదికోసారి వస్తాడు. కాటాలన్నీ పరీక్షించి ముద్ర వేసి పోతాడు. ఆ ఠక్కుమనే చప్పుడు విని నేను లేచి నిలబడ్డాను.

"అమ్మా హైమా. సర్కారువాడు ముద్ర ఎక్కడ వేస్తున్నాడు?"

"కాటా మీద."

"సరుకు మీద వెయ్యడు కదా. కాటా సరిగ్గా ఉంటే సరుకు తూకం అదే తేలుతుంది. నువ్వు వెలుగుని తెచ్చి సరుకు నెత్తిన పెట్టావు. కాటా ఎవరు? ఊ కొట్టేవాడు. వాడి మీద పెట్టు."

హైమ చటుక్కున లేచింది. పరిగెత్తినట్టే లోపలికి పోయింది.

కొత్తగా తయారైన దానిలో పిల్లల కుళ్ళాయి మామూలు తెల్లటి గుడ్డలా ఉంటుంది. ఏమీ వెలగదు. దానికి జతగా ఒక పసుపు రంగు కండువా. ఎవరు వేసుకుని పిల్లతో ఊసులాడుతున్నారో వాళ్ళ మెడలో కండువా వెలుగుతుంది. కుళ్ళాయి చూసినది కండువాకి చెబుతుంది. అంతే.

మొదటి కండువా రత్తమ్మ మెడలో వేశాను. వీరాంజనేయులు ఇంటి వసారాలో, నలుగురి ముందు. ఆవిడ తెల్ల కుళ్ళాయి పెట్టిన మనవణ్ణి ఒళ్ళో వేసుకుని దడదడా మాట్లాడటం మొదలుపెట్టింది. "ఏరా నాయనా బంగారుకొండా తాతేడిరా అత్తేదిరా…" పిల్లవాడు నోరు తెరిచే సందు లేదు. కండువా తడిగుడ్డలా చీకటిగా వేలాడుతోంది.

"పాడైపోయిందా ఇది?" అంది.

"బాగానే ఉందమ్మా. మీరు కాస్త ఊపిరి తీసుకోండి" అన్నాను.

శిరీష మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వాపుకుంటోందని వీపు చూస్తేనే తెలిసింది. రత్తమ్మ ఉక్రోషంగా నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో పిల్లవాడు నెమ్మదిగా "తా" అన్నాడు. రత్తమ్మ అనుకోకుండా "ఊ?" అంది. కండువా అంచు వెలిగింది.

నిశాంత్‌కి ఫోను చేసి, కుళ్ళాయిలో ఇక వెలుగుండదని చెప్పాను. వెలగని కుళ్ళాయి తమకెందుకన్నాడు. ఇక మిగిలింది ఒకే ఒక కొనుగోలుదారు, రాష్ట్రం. ఆ కొనుగోలుదారు కాదంటే హైమ గోడౌనుకి తాళం వేసుకుని మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి, కెజియా మళ్ళీ గోతాల మీదికి పోవాలి. ఆ తర్వాత ఇంకెవరో వేరే కుళ్ళాయి చేసి నిశాంత్ వాళ్ళకే అమ్ముతారు.

రాష్ట్రమంటే ఎవరు? నాకు తెలిసిన రాష్ట్రం యార్డులు, మార్కెట్లు. పని మొదలుపెట్టాను. దుగ్గిరాల నుంచి కదిలే ప్రతి లారీలోనూ పసుపు బస్తాల మీద ఒక మూట కండువాలు, కుళ్ళాయిలు. గుంటూరు మిర్చి యార్డుకి నేనే వెళ్ళాను. ఘాటుకి పిల్లలు తుమ్ముతున్న చోటే గది కావాలని అక్కడి ఏజెంట్లే ముందుకొచ్చారు. అనకాపల్లి బెల్లం వ్యాపారుల దగ్గర మెదడు మాటే ఎత్తలేదు. "పాకం పదునులో దించకపోతే అచ్చు కడుతుందా?" అని అడిగాను. "కట్టదు" అన్నారు. "ఈ మూడేళ్ళూ పాకం పదును" అన్నాను. అంతే, ఒక కొట్టు ఖాళీ చేసి ఇచ్చారు. ఆదోని పత్తివాళ్ళు ముందు ఎగతాళి చేశారు. "పసుపాయప్ప ఇప్పుడు చంటిపిల్లల యాపారం పట్నాడు" అన్నారు. పత్తి ఏరే ఆడవాళ్ళే కండువాలు లాక్కుని వేసుకున్నారు. రావులపాలెం అరటి గెలల మధ్య, పలాస జీడిపప్పు కార్ఖానాల్లో ఊసుల గదులు వెలిశాయి. ఎక్కడికక్కడ వ్యాపారులు తమ శాసనసభ్యుడిని పిలిచి చూపించారు. యార్డువాళ్ళు పిలిస్తే రాని శాసనసభ్యుడుండడు. చివరికి కమిటీవాళ్ళే మమ్మల్ని రమ్మని కబురు పెట్టారు.

రాజధానిలో కమిటీ హాలు. అన్ని పార్టీల సభ్యులూ అర్ధచంద్రాకారంలో కూర్చున్నారు. అధ్యక్షుడు రంగరాజు గారు, భీమవరం వైపు మనిషి, తెల్లటి మీసం, బొంగురు గొంతు. ఒక మూల కెమెరాలవాళ్ళు. మా వైపు హైమ, కుళ్ళాయి పెట్టిన కెజియాని ఎత్తుకున్న దీవెన, అలాగే పిల్లల్ని ఎత్తుకున్న ఇంకా కొందరు తల్లులు. ఒక అధికారి లేచి, ముందు ఒక జిల్లాలో నమూనాగా చేసి చూద్దామన్నాడు. నమూనా సంగతి నాకు తెలుసు. కొనదలుచుకోనివాడే ఎప్పుడూ నమూనా పట్టుకెళతాడు.

అందుకే తొందరపడ్డాను. పెద్దమనిషి కనబడితే కండువా కప్పడం చిన్నప్పటినుంచీ చేతికలవాటైన మర్యాద. కండువా విప్పి, నవ్వు మొహంతో వెళ్ళి రంగరాజు గారి మెడలో వెయ్యబోయాను. కెమెరాలన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు. "ఏం చేస్తున్నారండి మీరు?"

"కండువా అండి."

"అది కనబడతానే ఉందండి. ఇది మెడలో పడిందంటే సాయంత్రానికి నేను పార్టీ మారానని టీవీలో వచ్చేస్తది. పైగా ఆ రంగొకటి."

"పసుపండి. నేను పసుపు వ్యాపారినండి."

"మీ వ్యాపారం సంగతి టీవీవోడికి తెలుస్తదా బాబూ?"

అవతలి పార్టీ సభ్యుడొకాయన, "వేయించుకోండి రాజుగారూ, మొహమాటం దేనికి" అన్నాడు. ఇంకొకాయన బల్ల చరిచి నవ్వాడు. హైమ లేచి రంగు మారుస్తానంది. తెలుపన్నారు ఎవరో. అది ఫలానావాళ్ళదన్నారు. నీలం. అది ఇంకొకళ్ళది. మన రాష్ట్రంలో ఎవరికీ చెందని రంగు మిగల్లేదని ఆ రోజే తెలిసింది. రంగరాజు గారు కాగితాలు సర్దుకుంటూ లేస్తున్నారు.  నా తొందర వల్ల బేరం నా కళ్ళ ముందే చెడిపోతోంది.

చేతిలో కండువా అలాగే ఉంది. దాన్ని చూస్తుంటే పశువుల సంత గుర్తొచ్చింది. సంతలో ధర పైకి చెప్పరు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, లోపల వేళ్ళు పట్టుకుని బేరమాడతారు.

"మెడలో వద్దండి" అన్నాను. "సంతలో బేరానికి కప్పినట్టు చేతి మీద వేసుకోండి. చేతి మీద తువ్వాలుంటే ఎవరూ పార్టీ మారినట్టు కాదు కదండి."

ఆయన లేచినవారల్లా ఆగారు. మీసం కదిలింది. "సంత బేరం మీకు వచ్చేంటి?"

"నాకు రాదండి. ఈ పిల్లకి వచ్చు."

దీవెన నా మాట అందుకుని కెజియాని తెచ్చి ఆయన బల్ల మీద కూర్చోబెట్టింది. ఆయన చెయ్యి చాచారు. నేను పైన కండువా కప్పాను. లోపల ఏం జరిగిందో ఎవరికీ కనపడలేదు. ఆయన కళ్ళు మాత్రం వెడల్పయ్యాయి.

"వేలు పట్టేసుకుందండోయ్" అన్నారు. తర్వాత నా వైపు వంగి, "ఎంత చెప్తందేంటి?" అన్నారు.

"మీరు ఊ అంటే చెబుతుందండి."

 ఆయన గొంతు సవరించుకుని, "ఊ" అన్నారు.

కెజియా ఆయన మీసం వంక తీక్షణంగా చూసింది. "బా" అంది.

"ఊ? ఆ తర్వాతేంటమ్మా?"

"బాబ్బా. దా."

కండువా వెలిగింది. ఆయన ముంజేతి మీద పసుపారబోసినట్టు వెలిగింది. ఇందాక బల్ల చరిచి నవ్వినాయన కుర్చీలోంచి లేచొచ్చి, "నాకూ ఒక గుడ్డ ఇవ్వండి" అన్నాడు. అవతలి పార్టీ ఆయనా వచ్చాడు. తల్లులు పిల్లల్ని బల్లల మీద కూర్చోబెట్టారు. చూస్తూండగానే అన్ని పార్టీల చేతులూ కండువాల కిందకి చేరాయి. ఆ వెలుగులో ఎవరిది ఏ వైపో కెమెరాలకి తెలిసే వీలు లేకపోయింది. 

రంగరాజు గారు చెయ్యి తియ్యకుండానే హైమని పిలిచారు. నవ్వు పోయింది గొంతులో.

"అమ్మా, ఈ కుళ్ళాయి చూసిందంతా ఎక్కడ దాస్తున్నారు?"

"నా దగ్గరుందండి. మొదటి పిల్ల నుంచి ఇవాళ్టి దాకా. లోకంలో ఇంకెక్కడా లేదు. దాని మీదే నా పరిశోధన."

"ఇవాళ నేనున్నాను. రేపింకోడొస్తాడు. వాడు ఆ లెక్కంతా తిరగేసి, ఫలానా పేట పిల్లలు తక్కువ, ఫలానా కులం పిల్లలు ఎక్కువ అని తేలిస్తే? మీరు వెలుగు తీసేశారు గాని లెక్క ఉంచుకున్నారు."

హైమ కెజియా నెత్తి మీది కుళ్ళాయి వంక చూసింది.

"ప్రతి ఊరికీ ఊసుల గది రాసిస్తానమ్మా. నమూనా జిల్లా కాదు, రాష్ట్రం మొత్తం. ఈ సమావేశాల్లోనే సభలో పెట్టిస్తాను. కానీ కుళ్ళాయి చూసింది చూసినట్టు మర్చిపోవాలి. పాత లెక్క కూడా పోవాలి. అదీ నా ధర."

హైమ నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు తన బొమ్మని ఇంకొకళ్ళకి ఇమ్మన్నప్పుడు అలాగే చూసేది. తండ్రిగా ఏదో ఒకటి చెప్పాలనిపించింది. కానీ ఆ సరుకు నాది కాదు. నాది కాని సరుకుకి నేను ధర చెప్పకూడదు.

తను బల్ల దగ్గరికి నడిచింది. కండువా కిందికి చెయ్యి పోనిచ్చింది. రంగరాజు గారి చెయ్యి, కెజియా పిడికిలి, మా అమ్మాయి చెయ్యి. లోపల ఎవరు ఎవరి వేలు పట్టుకున్నారో తెలియదు.

"ఊ" అంది హైమ.

మేం తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే తను గోడౌనులో కంప్యూటరు ముందు కూర్చుంది. వరసలు వరసలుగా వెలుగులు తెర మీద కనబడి మాయమవుతున్నాయి. పలాసవి, ఆదోనివి, అనకాపల్లివి. చివరికి ఒకటి మిగిలింది.

"ఇది నువ్వు ఫోను మాట్లాడిన రోజుది నాన్నా."

అది తెర నిండా విరబూసిన పసుపు. దాన్ని చూసినవాళ్ళం లోకంలో ఇద్దరమే. హైమ వేలు మీట మీద పెట్టి ఆగింది.  కాసేపటికి తనే నొక్కింది. తెర నల్లబడింది. తను కళ్ళు తుడుచుకుని, కుర్చీ వెనక్కి తోసి, "ఎన్ని కుళ్ళాయిలు నేయించాలో లెక్క వేద్దాం పద, రాష్ట్రమంతా అంటే మంగళగిరి మగ్గాలు చాలవు" అంది.

గుమ్మం దగ్గర అలికిడయింది. వీరాంజనేయులు చంకలో మనవణ్ణి వేసుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడలో కండువా భగభగమంటోంది, ఆయన చూసుకోలేదు. పిల్లవాడు తాత గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటూ ఏదో గట్టిగా దబాయిస్తున్నాడు.

"ఏంది మాణిక్యం ఇది" అన్నాడు వీరాంజనేయులు నాతో విసుగ్గా. "పొద్దుటినుంచీ వీడు నన్ను ఒక్క మాట మాట్లాడనియ్యడంలా."